పాండిపెద్ది చెంచయ్య జీవితం, చింతన : 'నూతన సృష్టి' భావన – పరిశీలన

వ్యాససంగ్రహం

నెల్లూరులో జన్మించి, మద్రాసులో న్యాయవాదిగా, పుదుక్కోట్టై సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన పాండిపెద్ది చెంచయ్య (1886–1959) ఆధునిక భారతీయ క్రైస్తవ దైవశాస్త్ర నిర్మాతలలో ఒకరు. క్రీస్తు ఒక మతస్థాపకుడు కాదని, సృష్టిలో ఒక కొత్త అధ్యాయమని ఆయన ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదన నుంచే సిద్ధాంతం పట్ల, సంఘం పట్ల, బాప్తిస్మం పట్ల ఆయన విమర్శలు పుట్టాయి. చెంచయ్య జీవితాన్ని, 'నూతన సృష్టి' భావనను, తాంబరం సమావేశ సందర్భంలో ఆయన చేసిన వాదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ చింతనను ఆయన పుట్టిన ప్రాంతంలోని దళిత క్రైస్తవ చరిత్ర పక్కన పెట్టి చదివినప్పుడు దాని బలమూ పరిమితీ రెండూ స్పష్టమవుతాయని నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు : పాండిపెద్ది చెంచయ్య, నూతన సృష్టి, క్రైస్తవ దైవశాస్త్రం, తాంబరం, సంఘం, బాప్తిస్మం, ఒంగోలు, దళిత క్రైస్తవం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో క్రైస్తవ సాహిత్యంపై జరిగిన అధ్యయనం చాలావరకు మూడు దారుల్లో నడిచింది. బైబిలు అనువాద చరిత్ర ఒకటి, మిషనరీల నిఘంటు, వ్యాకరణ కృషి మరొకటి, పురుషోత్తమ చౌదరి కీర్తనలు మొదలుకొని జాషువ 'క్రీస్తు చరిత్ర' వరకు సాగిన పద్యగేయ సాహిత్యం ఇంకొకటి. తెలుగువారు నిర్మించిన క్రైస్తవ చింతనకు ఈ మూడు దారుల్లోనూ చోటు తక్కువ. అందుకు కారణం తెలియనిది కాదు. ఆ చింతనలో ముఖ్యభాగం ఇంగ్లీషులో వెలువడింది. తెలుగు శాఖలకు అది తెలుగు సాహిత్యం కాలేదు. దైవశాస్త్ర కళాశాలల్లో దానిని అఖిల భారత చింతనగా బోధిస్తారు కనుక అక్కడ రచయిత పుట్టిన నేల ప్రసక్తి రాదు.

ఈ రెండింటి మధ్య మిగిలిపోయిన వ్యక్తి చెంచయ్య. 1966లో డి. ఎ. తంగసామి ఆయన దైవశాస్త్రంపై ఒక గ్రంథం ప్రకటించారు. 1969లో రాబిన్ బోయ్డ్ రాసిన భారతీయ క్రైస్తవ దైవశాస్త్ర పరిచయ గ్రంథంలోనూ, అదే ఏడాది వెలువడిన ఎం. ఎం. థామస్ గ్రంథంలోనూ ఆయనకు ప్రముఖ స్థానం దక్కింది. ఈ అధ్యయనాలు ఆయన భావాలను శంకరాద్వైతం, అరవిందుల యోగం, బార్త్ దైవశాస్త్రం వంటి పెద్ద చట్రాల్లో పెట్టి చూశాయి. నెల్లూరు చెంచయ్యను నెల్లూరు–ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ అనుభవం పక్కన నిలబెట్టి చూస్తే ఏం తేలుతుందన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

2. జీవితరేఖలు

చెంచయ్య 1886లో నెల్లూరులో ఒక హిందూ కుటుంబంలో జన్మించారు. 1901లో, కౌమార దశలో ఉండగా, కుటుంబంతో కలిసి క్రైస్తవాన్ని స్వీకరించారు. ఈ వివరం ఆయన చింతనను అర్థం చేసుకోవడానికి అవసరం. ఆయన పుట్టు క్రైస్తవుడు కారు. హిందూ గృహవాతావరణాన్ని అనుభవించి, జ్ఞానం వచ్చిన వయసులో ఆ గడప దాటినవారు. తరువాతి కాలంలో హిందూ ధర్మాన్ని తన ఆధ్యాత్మిక మాతృమూర్తిగా భావించే మతాంతరుని దృష్టి ఆయన రచనల్లో కనిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

ఉన్నత విద్య మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో సాగింది. తత్త్వశాస్త్రంలో ప్రథమ శ్రేణి విద్యార్థిగా బంగారు పతకం పొందారు. విలియం మిల్లర్ ఆ కళాశాలకు సారథిగా ఉన్న చివరి సంవత్సరాలవి. విద్యార్థులను మతం మార్చడం కన్న, క్రీస్తు భావాలు భారతీయ సమాజంలోకి నెమ్మదిగా ఇంకేలా చేయడం విద్య లక్ష్యమని మిల్లర్ భావించేవారు. ఈ దృక్పథం చెంచయ్యపై ముద్ర వేసింది. తరువాత న్యాయశాస్త్రం చదివి మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టారు. పుదుక్కోట్టై సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. 1959లో మరణించారు.

ఆయన ఏనాడూ పాదిరి కారు, దైవశాస్త్ర కళాశాల ఆచార్యుడూ కారు. ఏ మిషను జీతం మీదా ఆధారపడలేదు. ఆయన వాదంలోని స్వేచ్ఛకు ఇది ముఖ్యకారణం. సాక్ష్యాన్ని, సాక్ష్యంపై కట్టిన వ్యాఖ్యానాన్ని వేరుచేసి చూసే న్యాయవాది అలవాటు కూడా ఆయన గద్యంలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆయన బావ వరుస బంధువు వెంగళ్ చక్కరై (1880–1958) ఈ చింతనా ప్రయాణంలో సహచరుడు. చక్కరై కూడా న్యాయవాది, కార్మిక నాయకుడు, మద్రాసు నగర మేయరుగా పనిచేసినవారు. 1887లో కలకత్తాలో కాళీచరణ్ బెనర్జీ, జయగోవింద శోమ్ స్థాపించిన క్రిస్టో సమాజం ఆదర్శంతో మద్రాసులో ఏర్పడిన క్రిస్టో సమాజంలో వీరిద్దరూ ప్రముఖులు. విదేశీ మిషన్ల శాఖాభేదాలకు అతీతంగా భారతీయ క్రైస్తవులు తమంతట తాము ఆలోచించాలన్నది ఆ సమాజపు ధ్యేయం.

3. క్రీస్తు అనే ముడి వాస్తవం

చెంచయ్య చింతనకు ప్రవేశద్వారం ఆయన తరచు వాడిన ఒక మాట. క్రీస్తును ఆయన 'రా ఫ్యాక్ట్' అన్నారు. తెలుగులో దీనిని 'ముడి వాస్తవం' అనవచ్చు. ముడి పత్తి, ముడి చమురు అన్నప్పుడు 'ముడి' శబ్దానికి ఉన్న అర్థమే ఇక్కడ వర్తిస్తుంది. ఇంకా వడకని, వండని, ఎవరి చేతా రూపం పొందని పదార్థం అని దాని తాత్పర్యం.

క్రీస్తును గురించి సంఘం ఇరవై శతాబ్దాలుగా చెప్పిన సిద్ధాంతాలు ఆ ముడి వాస్తవంపై జరిగిన సంస్కారాలని చెంచయ్య భావన. గ్రీకు తత్త్వశాస్త్రం, రోమన్ చట్టం, మధ్యయుగ ఐరోపా సంస్థలు, సంస్కరణోద్యమ వివాదాలు తమ తమ అవసరాలకు తగిన పదజాలాన్ని క్రీస్తుకు తొడిగాయి. ఆ పదజాలం అబద్ధమని ఆయన అనలేదు. ఆ జనుల అనుభవానికి అది సహజమైనదే కావచ్చు. అయితే భారతీయుడు ముందు ఆ వస్త్రాలన్నీ ధరించి, ఆ తరువాతే క్రీస్తు ఎదుటికి రావాలన్న నియమం దేనికని ఆయన ప్రశ్న. ఐరోపా క్రైస్తవుడు ఏ మూలానికి వెళ్లి తన సిద్ధాంతాన్ని నిర్మించుకున్నాడో, భారతీయుడూ ఆ మూలానికే నేరుగా వెళ్లాలని ఆయన వాదించారు.

ఈ వాదం భారతీయ ప్రమాణశాస్త్రానికి దగ్గరది. సిద్ధాంతం శబ్దప్రమాణం అయితే, క్రీస్తు ప్రత్యక్షప్రమాణం. చెంచయ్య ప్రత్యక్షానికే అగ్రస్థానం ఇచ్చారు. అయితే ఆ ప్రత్యక్షానుభవాన్ని పరీక్షించే గీటురాయి ఏమిటన్న ప్రశ్న వెంటనే తలెత్తుతుంది. వ్యక్తి అనుభవం మోసపోవచ్చు. సంఘ సంప్రదాయం దానికి ఒక కట్టడి. ఆ కట్టడిని సడలించినప్పుడు మరో ప్రమాణం కావాలి. అనుభవం మనిషిని కొత్తవాణ్ణి చేసిందా లేదా అన్నదే ఆ ప్రమాణమని ఆయన రచనల సారం. ఇక్కడి నుంచి 'నూతన సృష్టి' భావన మొదలవుతుంది.

4. నూతన సృష్టి

కొరింథీయులకు పౌలు రాసిన రెండవ పత్రిక అయిదవ అధ్యాయంలో, గలతీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో 'నూతన సృష్టి' ప్రస్తావన ఉంది. సాధారణ ప్రసంగాల్లో దీనిని నైతిక పరివర్తనగా వివరిస్తారు. పాత అలవాట్లు మాని కొత్త నడవడి అలవరచుకోవడమే కొత్త సృష్టి అంటారు. చెంచయ్య ఈ మాటను అక్షరార్థంలో తీసుకున్నారు. ఆయన దృష్టిలో ఇది ఉపమానం కాదు, సృష్టి చరిత్రలో జరిగిన ఒక సంఘటన.

జడం నుంచి జీవం వచ్చింది. జీవం నుంచి మనసు వచ్చింది. ప్రతి దశలోనూ అంతకు ముందు లేని శక్తి ఒకటి సృష్టిలో ప్రవేశించింది. క్రీస్తు అటువంటి మరో దశకు ఆరంభం. ఆయనలో దైవమూ మానవత్వమూ కలిసి, అంతకు ముందు లేని ఒక కొత్త మానవుడు అవతరించాడు. చెంచయ్య ఆయనను ఈ కొత్త సృష్టికి ఆదిపురుషుడిగా భావించారు. పరిశుద్ధాత్మ ఈ దశలో పనిచేసే కొత్త విశ్వశక్తి, దేవుని రాజ్యం ఆ శక్తి ఏర్పరచే కొత్త వ్యవస్థ, దేవుని పిల్లలు ఆ వ్యవస్థకు చెందిన కొత్త మానవజాతి.

ఈ భావనలో పరిణామవాద ప్రభావం కనిపిస్తుంది. బెర్గ్‌సన్ 'సృజనాత్మక పరిణామం' 1907లో వెలువడింది. అరవిందుల 'దివ్యజీవనం' 1914 నుంచి 'ఆర్య' పత్రికలో ధారావాహికగా వచ్చింది. మానవుడు పరిణామంలో అంతిమ దశ కాదన్న ఆలోచన ఆ తరం విద్యావంతులకు సుపరిచితం. చెంచయ్య దానిని క్రీస్తు కేంద్రంగా పునర్నిర్మించారు. అరవిందుల వ్యవస్థలో అతిమానస దశ రాబోయేది. చెంచయ్య దృష్టిలో ఆ దశ క్రీస్తులో ఇప్పటికే ఆరంభమైంది. మిగిలినది అది మానవాళి అంతటా వ్యాపించడం.

అవతార భావనతో ఈ ఆలోచనకు ఉన్న తేడా కూడా గమనించదగినది. చక్కరై 1920లలో వెలువరించిన తన గ్రంథంలో యేసును అవతారంగా వివరించారు. వైష్ణవ అవతారాలు కార్యం ముగియగానే ఉపసంహరింపబడతాయని, క్రీస్తు అవతారం ఆత్మ రూపంలో నిత్యం కొనసాగుతున్నదని ఆయన వాదం. చెంచయ్యది ఇంకొక అడుగు. అవతారం దేవుడు దిగిరావడాన్ని చెబుతుంది. నూతన సృష్టి మనిషి ఏమవుతాడో చెబుతుంది. ఆయన దృష్టిలో క్రైస్తవ జీవితపు గమ్యం క్రీస్తును పూజించడంతో ఆగిపోదు, క్రీస్తు స్వభావం మనిషిలో మళ్లీ పుట్టాలి.

దీనివల్ల ఒక పర్యవసానం ఏర్పడింది. పాశ్చాత్య ప్రొటెస్టంటు బోధలో పాపమూ సిలువా కేంద్రస్థానంలో ఉంటాయి. చెంచయ్యలో జననం, పునరుత్థానం, ఆత్మ ఆ స్థానాన్ని ఆక్రమించాయి. పాపక్షమ ఆయనకు మార్గంలో ఒక మజిలీ, పునర్జన్మ గమ్యం. సిలువ బరువు ఆయన చింతనలో తగ్గిందన్న విమర్శ నిరాధారం కాదు. 'సిలువ, భారతీయ చింతన' అన్న విషయంపై చక్కరై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. ఇద్దరినీ కలిపి చదివినప్పుడే మద్రాసు చింతనా వర్గపు పూర్తి చిత్రం దొరుకుతుంది.

5. ఆత్మ, యోగం

కొత్త శక్తి ఉన్నదంటే దానిని గ్రహించే సాధన ఏమిటన్న ప్రశ్న వస్తుంది. సంఘం ఇచ్చే సమాధానం సంస్కారాలు, ప్రార్థన, వాక్యపఠనం. చెంచయ్య వీటితో తృప్తిపడలేదు. భారతదేశానికి యోగమనే సుదీర్ఘ సాధనా సంప్రదాయం ఉన్నప్పుడు, పరిశుద్ధాత్మను గ్రహించే యోగం ఎందుకు ఉండకూడదని ఆలోచించారు.

ఈ ఆలోచనపై కుంభకోణానికి చెందిన మాస్టర్ సి. వి. వి. ప్రభావం ఉంది. తెలుగు పాఠకులకు ఈ పేరు కొత్తది కాదు. 1910లో ఆయన ఆరంభించిన యోగమార్గానికి తెలుగునాట నేటికీ సాధకులు ఉన్నారు. సంప్రదాయ యోగాల్లో సాధకుడు దేహాన్ని దాటి పైకి పోతాడు. మాస్టర్ సి. వి. వి. మార్గంలో విశ్వశక్తి దేహంలోకి దిగివచ్చి దేహాన్నే మారుస్తుంది. దేహాన్ని బంధనంగా చూడని ఈ దృష్టి చెంచయ్యను ఆకర్షించింది. క్రీస్తు పునరుత్థానం దేహంతో కూడినది. కనుక క్రైస్తవ ముక్తి దేహం నుంచి విడుదల కాజాలదు, దేహానికి విడుదల కావాలి. ఈ అంశంలో ఆయన మాయావాదానికి దూరంగా, పౌలుకు దగ్గరగా నిలిచారు.

6. తాంబరం వాదం

1938 డిసెంబరులో అంతర్జాతీయ మిషనరీ మండలి సమావేశం మద్రాసు సమీపాన తాంబరంలో జరిగింది. వేదిక మద్రాసు క్రిస్టియన్ కళాశాల. ఆ కళాశాల అంతకు ఏడాది ముందే, 1937లో, నగరం నుంచి అక్కడికి తరలివెళ్లింది. ఈ సమావేశం కోసం డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఒక బృహద్గ్రంథం రాశారు. మతాలన్నీ మానవ ప్రయత్నాలని, క్రీస్తులో కలిగిన దైవప్రకటన వాటికి కొనసాగింపు కాదని, వాటికీ దానికీ మధ్య తెగిన దారమే ఉన్నదని ఆయన వాదం. కార్ల్ బార్త్ ప్రభావం ఇందులో స్పష్టం.

క్రేమర్‌కు పూర్వపక్షం కూడా మిషనరీ రచనల్లోనే ఉంది. 1913లో జె. ఎన్. ఫర్క్వార్ హిందూ ధర్మానికి క్రీస్తు కిరీటమని, అందులోని ఆకాంక్షలు క్రీస్తులో నెరవేరుతాయని ప్రతిపాదించారు. ఫర్క్వార్ నెరవేర్పు అన్నారు, క్రేమర్ విచ్ఛేదం అన్నారు. సమావేశానికి ముందు మద్రాసు మిత్రులు ప్రచురించిన 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' సంపుటిలో చెంచయ్య మూడో దారి చూపారు. జి. వి. జాబ్, చక్కరై, డి. ఎం. దేవసహాయం, ఎస్. జేసుదాసన్, ఎడ్డీ ఆశీర్వాదం, ఎ. ఎన్. సుదర్శనం ఆ సంపుటిలోని ఇతర రచయితలు.

చెంచయ్య వాదాన్ని మూడు అంశాలుగా క్రోడీకరించవచ్చు. మొదటిది: మతాలన్నీ మానవ ప్రయత్నాలైతే సంఘరూపంలో ఉన్న క్రైస్తవం కూడా ఆ జాబితాలోదే. దానిని తీర్పు నుంచి తప్పించి తక్కిన మతాలను మాత్రమే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. రెండవది: దేవునికీ మనిషికీ మధ్య ఎన్నటికీ దాటరాని అగాధం ఉన్నదంటే, దైవం మానవుడయ్యాడన్న క్రైస్తవ మూలవిశ్వాసానికే అర్థం ఉండదు. క్రీస్తులో ఆ అగాధం పూడిందనడమే సువార్త. మూడవది: క్రీస్తు సృష్టికి బయటి నుంచి పడిన పిడుగు కాదు, ఏ ఒక్క మతానికి కిరీటమూ కాదు. ఆయన సృష్టిలోనే మొలిచిన కొత్త మొలక. కనుక ప్రతి మతానికీ ఆయన సమానంగా కొత్తవాడు, సమానంగా దగ్గరివాడు.

ఈ మూడో అంశమే చెంచయ్య వాదానికి ప్రాణం. ఫర్క్వార్ నెరవేర్పు సిద్ధాంతంలో హిందూ ధర్మం మెట్టు, క్రైస్తవం శిఖరం. ఆ మర్యాదలో దాగిన ఆధిక్యభావాన్ని చెంచయ్య గుర్తించారు. క్రేమర్ సిద్ధాంతంలో ఆ ఆధిక్యభావం బయటపడింది. క్రైస్తవ మతాన్ని క్రీస్తు నుంచి వేరుచేయడం ద్వారా ఆయన రెండింటి నుంచీ తప్పుకున్నారు.

7. సంఘం, బాప్తిస్మం

క్రీస్తు ముడి వాస్తవమైతే, నూతన సృష్టి గమ్యమైతే, సంఘం స్థానమేమిటి? చెంచయ్య సమాధానం కఠినమైనది. యేసు ప్రకటించినది దేవుని రాజ్యాన్ని. చరిత్రలో నిలిచినది సంఘం. ఆ సంఘం ఐరోపా చరిత్రలో రూపొందిన ఒక సంస్థ. దాని పాలనావ్యవస్థ, శాఖలు, ఆస్తులు ఇక్కడి నేలలో వేరూనలేదని ఆయన అభిప్రాయం. సంఘం కన్న ఆశ్రమం భారతీయ క్రైస్తవ జీవనానికి తగిన రూపమని మద్రాసు మిత్రులు భావించారు. 1941లో చెంచయ్య, చక్కరై, సుదర్శనం కలిసి ఆశ్రమాల గతాన్ని, వర్తమానాన్ని గురించిన సంపుటి ప్రకటించారు.

బాప్తిస్మం విషయంలోనూ ఇదే దృష్టి. బాప్తిస్మం ఒక హిందువును అతని కుటుంబం నుంచి, కులం నుంచి, సంస్కృతి నుంచి తెంచి మరో సముదాయంలో చేర్చే లాంఛనంగా మారింది. హిందూ సమాజంలోనే ఉంటూ క్రీస్తును అనుసరించే శిష్యులకు చోటు ఉండాలని చెంచయ్య ఆశించారు.

ఈ ఆశ ఊహగానే మిగిలిపోలేదు. ఆంధ్రలో కలగర సుబ్బారావు 1942లో క్రీస్తు దర్శనం పొంది, బాప్తిస్మాన్ని నిరాకరిస్తూ, క్రీస్తును గురుదేవునిగా భావించే ఒక భక్తి ఉద్యమాన్ని నడిపారు. తెలుగు పాటలు ఆ ఉద్యమానికి ఆధారం. డేనిష్ చరిత్రకారుడు కాయ్ బాగో 1968లో దానిపై గ్రంథం రాశారు. చెంచయ్య ఇంగ్లీషులో వాదించినది, సుబ్బారావు తెలుగులో ఆచరించారు. ఒకరి నుంచి ఒకరు గ్రహించారా అన్న చర్చ కన్న, ఒకే సామాజిక స్థితి రెండు చోట్ల ఒకే ప్రశ్నను పుట్టించిందన్నది ముఖ్యం. కుటుంబ గౌరవం, ఆస్తి, విద్య ఉన్నవారికి బాప్తిస్మం నష్టంగా కనిపించింది.

8. ఒంగోలు నుంచి చూసినప్పుడు

చెంచయ్య పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందు, 1878 జూలై 3న, ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. అంటే ఆధునిక భారతీయ క్రైస్తవ చరిత్రలో అతిపెద్ద సామూహిక బాప్తిస్మాలలో ఒకటి చెంచయ్య సొంత జిల్లాలోనే జరిగింది.

ఈ సంఘటన వెనుక చరిత్ర ఆయన ప్రశ్నకు నేరుగా తగులుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. తొలిరోజుల్లో అగ్రకుల విద్యావంతులు కొందరు ఆయన బోధపై ఆసక్తి చూపారు. మాదిగలను చేర్చుకుంటే తాము దూరమవుతామని వారు స్పష్టం చేశారు. రెండు వర్గాలనూ ఒకేచోట కూర్చోబెట్టడం సాధ్యం కాలేదు. క్లౌ మాదిగల పక్షం వహించారు. క్రీస్తు పట్ల ఆదరం ఉండి కూడా 'సంఘం' అనే గడప దగ్గర ఆగిపోయినవారు ఎవరో, ఎందుకు ఆగిపోయారో ఈ చరిత్ర చెబుతుంది. అక్కడ అడ్డం వచ్చినది గ్రీకు తత్త్వమో రోమన్ చట్టమో కాదు, పక్కన కూర్చునే మనిషి కులం.

గడప దాటినవారికి సంఘం ఏమిచ్చింది? క్లౌ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని మానడం, చచ్చిన పశుమాంసం తినకపోవడం, విగ్రహారాధన విడిచిపెట్టడం. వీటిని మతనియమాలుగా మాత్రమే చదివితే వాటి బరువు తెలియదు. గ్రామ వ్యవస్థలో మాదిగ వెట్టికి సెలవు లేదు, చచ్చిన పశువు అతని వంతు, ఊరి జాతరలో డప్పు కొట్టడం అతని విధి. మూడు నియమాలూ ఆ మూడు బంధాలను కోశాయి. అందుకే భూస్వాముల నుంచి ప్రతిఘటన వచ్చింది. ఒంటరి మనిషి ఆ ప్రతిఘటనను తట్టుకోలేడు. పల్లె పల్లెగా, బంధుత్వాల వెంట సాగిన సామూహిక బాప్తిస్మం అతనికి తోడును ఇచ్చింది. ఆ తోడుకే తెలుగులో 'సంఘం' అని పేరు.

చెంచయ్య పరిభాషలోనే చెప్పాలంటే, ఇక్కడ కొత్త శక్తి కొత్త వ్యవస్థను, కొత్త వ్యవస్థ కొత్త మనిషిని తయారుచేసింది. నూతన సృష్టికి ఆయన వెతికిన సాక్ష్యం ఆయన పుట్టిన జిల్లాలోనే ఉంది. అది ఆశ్రమంలో లేదు, మాలమాదిగ పల్లెల ప్రార్థనా మందిరాల్లో ఉంది. సంఘం వేరూనలేదన్న ఆయన తీర్పు మద్రాసు నగర జీవితానికి వర్తించవచ్చు. నెల్లూరు, గుంటూరు, దోర్నకల్ ప్రాంతాల పల్లెలకు వర్తించదు. ఆయన సమకాలికుడు, దోర్నకల్ బిషప్పు వి. ఎస్. అజరయ్య, ఈ గ్రామ సంఘాలనే భారత క్రైస్తవానికి పునాదిగా భావించి అక్కడే పనిచేశారు.

యోగం విషయంలోనూ ఇటువంటి మరపే జరిగింది. 1866లో బాప్తిస్మం పొంది ఒంగోలు ఉద్యమానికి ఆద్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. అంతకు ముందు ఆయన రాజయోగ సాధకుడు. ఒక స్త్రీ గురువు వద్ద ఉపదేశం పొంది, తన వారికి బోధించినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథం ఈ వివరాలను నమోదు చేసింది. యోగం నుంచి క్రీస్తు దగ్గరకు నడిచిన దారి కుంభకోణం, పుదుచ్చేరిలకు ముందే తెలుగు మాదిగ పల్లెలో ఉంది. భారతీయ సాధన అనగానే అది పైకులాల గ్రంథాల్లోనే ఉంటుందన్న భావన ఆ కాలపు చింతకులందరిదీ. చెంచయ్య అందుకు మినహాయింపు కాలేదు.

1980లలో అర్వింద్ నిర్మల్ దళిత దైవశాస్త్రాన్ని ప్రతిపాదిస్తూ, భారతీయ క్రైస్తవ దైవశాస్త్రం అంతవరకు బ్రాహ్మణీయ మార్గంలో నడిచిందని విమర్శించారు. బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ్, అప్పాసామిలతో పాటు, అరవింద యోగ సమన్వయానికి ఉదాహరణగా చెంచయ్యను పేర్కొన్నారు. విమర్శ సరైనదే. అయితే దానితో చెంచయ్యను పక్కన పెట్టడం తొందరపాటవుతుంది. దేహానికి విడుదల కావాలన్న వాదం, కొత్త మనిషి, కొత్త వ్యవస్థ అన్న వాదం దళిత చింతనకు పరాయివి కావు. అంటరానిదని ముద్రపడిన దేహమే కొత్త సృష్టికి స్థలమనడం కన్న విప్లవాత్మకమైన మాట ఉండదు. ఆ మాటకు అవసరమైన పరికరాలను చెంచయ్య తయారుచేశారు. వాటిని తన పొరుగు పల్లెకు తీసుకువెళ్లలేదు.

బాప్తిస్మం ప్రశ్న ఆయన జీవితకాలంలోనే చట్టరూపం ధరించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను మతంతో ముడిపెట్టింది. సవరణల అనంతరం అది హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు వర్తిస్తుంది, క్రైస్తవులకు వర్తించదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల 'సి' విభాగంలో ఉన్నారు. కాగితంపై హిందువుగా ఉంటూ క్రీస్తును అనుసరించడం చెంచయ్యకు ఒక సాంస్కృతిక ఆదర్శం. నేడు ఎన్నో దళిత కుటుంబాలకు అది బతుకుతెరువుకు సంబంధించిన ఒత్తిడి. ఒకే స్థితి ఒకరికి స్వేచ్ఛగా, మరొకరికి నిర్బంధంగా ఎలా మారుతుందో ఈ పోలిక చూపుతుంది.

9. అధ్యయన పద్ధతి : పరిభాష

చెంచయ్యను తెలుగులో అధ్యయనం చేసేవారు మొదట పరిభాషను నిర్ణయించుకోవాలి. 'థియాలజీ'కి తెలుగు క్రైస్తవ వ్యవహారంలో 'వేదాంతం' అన్న మాట రూఢం. చెంచయ్య విషయంలో అది గందరగోళం కలిగిస్తుంది. ఉపనిషద్వేదాంతంతో ఆయన సంవాదం జరుపుతున్నప్పుడు రెండింటికీ ఒకే పదం వాడరాదు. ఈ వ్యాసంలో 'దైవశాస్త్రం' అన్న పదాన్ని స్వీకరించడానికి కారణం ఇదే.

అంతకన్న కీలకమైనది 'సంఘం'. 'చర్చి' అన్న ఇంగ్లీషు మాటను చెంచయ్య వాడినప్పుడు ఆయన మనసులో ఉన్నది సంస్థ. దానిని 'సంఘం' అని అనువదించగానే తెలుగులో దానికి సమాజం, సమూహం అన్న అర్థాలు కూడా తోడవుతాయి. సంఘపెద్ద, సంఘకాపరి, సంఘ సంస్కరణ అన్న సమాసాల్లో ఈ అర్థవిస్తృతి కనిపిస్తుంది. సంస్థను నిరాకరించే వాక్యం తెలుగులో సమూహాన్ని నిరాకరించే వాక్యంగా వినబడుతుంది. ఇది అనువాదకుని లోపమని కొట్టివేయడం సరికాదు. ఇంగ్లీషులో దాగి ఉన్న ఆయన వాదపు పరిమితిని తెలుగు పదం బయటపెడుతోంది.

10. ముగింపు

చెంచయ్య క్రీస్తును మతం నుంచి, మతాన్ని ఐరోపా చరిత్ర నుంచి వేరుచేసి చూపారు. 1938లో ఒక అంతర్జాతీయ చర్చలో సమాన స్థాయిలో నిలిచి, నెరవేర్పు వాదానికీ విచ్ఛేద వాదానికీ భిన్నమైన మార్గాన్ని ప్రతిపాదించారు. దేహాన్ని, సృష్టిని, పరిణామాన్ని ముక్తిలో భాగం చేశారు. ఇవి స్థిరమైన విజయాలు.

నూతన సృష్టికి సామాజిక దేహం ఏదన్న ప్రశ్నకు ఆయన రచనల్లో తగిన సమాధానం దొరకదు. ఆ సమాధానం గుండ్లకమ్మ ఒడ్డున, ఆయన పుట్టకముందే, అక్షరం రాని మనుషుల ఆచరణలో ఉంది. మద్రాసు గ్రంథాలనూ ఒంగోలు చరిత్రనూ ఒకే బల్లపై పెట్టి చదవగలిగే అవకాశం తెలుగు పరిశోధకులకే ఎక్కువ. ఆ గ్రంథాల భాషా, ఆ పల్లెల భాషా రెండూ వారికి తెలుసు. ఎర్రగుంట్ల పేరయ్య యోగసాధన, కలగర సుబ్బారావు పాటలు, గ్రామ సంఘాల మినిట్సు పుస్తకాలు, సాక్ష్య కథనాలు చెంచయ్య దైవశాస్త్రానికి అనుబంధాలుగా కాక, దానికి ప్రత్యుత్తరాలుగా అధ్యయనం కావలసి ఉంది.